పాత బండి ఫైలు తిరగేయండి

పదిహేనేళ్లకు పైగా ఇంటిల్లిపాదినీ మోసిన పెద్ద బండి ఇక దూరాలు నా వల్ల కాదంటోంది. దాని స్థానంలో ఏది కొనాలి? షోరూమ్‌కు వెళ్లే ముందే ఆ జవాబు చాలావరకు ఇంట్లోనే దొరుకుతుంది.

మొన్న మే నెలలో ఖమ్మం నుంచి హైదరాబాద్ వస్తున్నారు మా అన్నయ్యవాళ్లు. సూర్యాపేట దాటిన కాసేపటికి ఏసీ గాలి వేడెక్కింది. రెండు నిమిషాల్లో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి చేరింది. పక్కకు తీసి ఆపేసరికి బానెట్ సందుల్లోంచి బుసబుసమని ఆవిరి. వెనక సీట్లో డెబ్బై ఆరేళ్ల అమ్మ. మర్నాడు పొద్దున్నే ఆమెకు కంటి ఆపరేషన్. వేపచెట్టు నీడన తువ్వాలు పరిచి ఆమెను కూర్చోబెట్టి, క్రేన్ బండి కోసం మూడు గంటలు ఎదురుచూశారు. అన్నయ్య విసుగుతో టైరును తన్నబోతే అమ్మ ఆపింది. ‘‘దాన్నేం అనకు నాయనా. మీ నాన్నను ఆఖరిసారి ఆస్పత్రికి తీసుకెళ్లింది అదే.’’

ఆ బండి 2009లో మా ఇంటికొచ్చింది. ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ. చివరిదాకా దాని మీద ఉమ్మడి రాష్ట్రం నాటి ‘ఏపీ 20’ నంబరే ఉంది. నాన్న మిర్చి వ్యాపారానికి తిరిగిందీ, వదిన కాపురానికొచ్చిందీ, ఇద్దరు పిల్లలు పుట్టి ఇంటికొచ్చిందీ అందులోనే. అలాంటి బండిని మార్చడమంటే ఫోన్ మార్చినంత తేలిక కాదు. ఇల్లు కట్టుకోవడం తర్వాత మధ్యతరగతి కుటుంబం పెట్టే పెద్ద ఖర్చుల్లో అదీ ఒకటి. అయినా చాలామందిమి ఆ నిర్ణయాన్ని పెళ్లిలో పక్కన కూర్చున్న బంధువు చెప్పిన మాట మీద తీసేసుకుంటాం. ‘‘కళ్లు మూసుకుని ఫలానాది తీసుకో’’ అంటాడాయన. ఆయన తిరిగే దారి వేరు, మన దారి వేరు.

అందుకే ఆ వారం అన్నయ్యకు నేను ఏ బండి పేరూ చెప్పలేదు. వదినను పాత బండి ఫైలు తీయమన్నాను.

మూడు కుప్పలు

వదిన పద్ధతి గల మనిషి. పదహారేళ్ల బిల్లులూ నీలం ప్లాస్టిక్ ఫైల్లో దాచింది. వాటిని హాల్లో నేల మీద పరిచి మూడు కుప్పలు చేశాం. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేట్ల వంటి అరుగుదల సామాను మొదటి కుప్ప. ఇది ఏ బండికైనా తప్పదు. ఏసీ కంప్రెసర్, సస్పెన్షన్ బుష్‌లు, రబ్బరు గొట్టాలు రెండోది. ఇది వయసు తెచ్చిన ఖర్చు. మూడో కుప్పలో చేరినవన్నీ రేడియేటర్ బిల్లులే. ఆరేళ్లలో మూడుసార్లు దాన్ని బాగు చేయించారు.

కారణం చివరి బిల్లు వెనక మెకానిక్ చేతిరాతలో ఉంది: ‘బోరు నీళ్లు పోయొద్దు.’ కూలెంట్ తగ్గినప్పుడల్లా ఇంటి ముందు పంపు నీళ్లు పట్టి పోసేవారు. ఆ నీళ్లలోని లవణాలు రేడియేటర్ సన్నగొట్టాల్లో తెల్లగా గట్టిపడి దారి మూసేశాయి. అంటే సూర్యాపేట దగ్గర ఆవిరి కక్కిన నేరం బండిది కాదు, మనది. ఎంత నమ్మకమైన కంపెనీ బండి తెచ్చినా ఈ అలవాటు మారకపోతే మళ్లీ అదే చెట్టు కింద కూర్చోవాల్సి వస్తుంది.

ఫైలు చెప్పిన రెండో సంగతి ఇంకా పెద్దది. ప్రతి సర్వీసింగ్ బిల్లు మీదా ఆ రోజు రీడింగ్ రాసి ఉంటుంది. వాటిని వరసగా పేర్చి లెక్కేస్తే, నాన్న ఉన్న రోజుల్లో బండి ఏడాదికి 28 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు తిరిగేది తొమ్మిది వేలు. అందులోనూ ఎక్కువసార్లు వెళ్లేది నాలుగు కిలోమీటర్ల బడి, మూడు కిలోమీటర్ల బ్యాంకు, కూరగాయల మార్కెట్. నెలకోసారి హైదరాబాద్. బండి అదే, ఇల్లు అదే. బతుకు మాత్రం మారిపోయింది. కొనబోయే బండి ఈ బతుక్కి సరిపోవాలి గానీ పదిహేనేళ్ల నాటి బతుక్కి కాదు.

ఉంచాలా, మార్చాలా?

ముందు తేల్చాల్సిన ప్రశ్న ఇది. బైపాస్ రోడ్డులోని మెకానిక్ దగ్గరికి బండి తీసుకెళ్లాం. ఇంజను ఆన్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత విప్పాడు. సన్నటి పొగ గుప్పుగుప్పుమని బయటికి తోసుకొచ్చింది. మూతను అదే రంధ్రం మీద బోర్లించి వదిలేస్తే టకటక ఎగిరింది. పిస్టన్ రింగులు అరిగి, పైన మండాల్సిన గ్యాసు కిందికి జారుతోందనడానికి అది గుర్తు. తర్వాత కూలెంట్ డబ్బాలోకి టార్చి వేసి చూశాడు. అందులో పాలకాఫీ రంగు కనిపిస్తే ఆయిలూ కూలెంటూ కలుస్తున్నట్టు. అదృష్టవశాత్తూ అది లేదు. చివరగా బండి కింద పడుకుని ఛాసిస్‌ను స్పానర్‌తో అక్కడక్కడా తట్టాడు. వెనక చక్రం దగ్గర మాత్రం ఖంగుమనాల్సిన చోట డొల్లగా మోగింది. తుప్పు. ‘‘ఇంజనుకు ఇంకా దమ్మున్నదే అన్నా. ఊళ్లో తిప్పుకో. హైదరాబాద్ మాత్రం పెట్టుకోకు’’ అన్నాడు.

పొగ రంగు కూడా ఒక భాషే. నీలం పొగ వస్తే ఇంజనాయిల్ మండుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి వెళ్తోంది. నల్లపొగ అయితే ఇంధనం సరిగా కాలడం లేదు. మొదటి రెండూ పెద్ద ఖర్చుకు ముందుమాటలు. ఛాసిస్ తుప్పు, ఒకే భాగం మళ్లీ మళ్లీ చెడడం, విడిభాగం కోసం వారాల తరబడి ఆగడం... ఈ మూడింటిలో రెండు కనిపిస్తే మార్చే సమయం వచ్చినట్టే.

‘కొత్త బండయితే మైలేజీ మిగులుతుంది కదా’ అనేది మాత్రం మార్చడానికి కారణం కాదు. లెక్క చూడండి. లీటరుకు 12 కిలోమీటర్లిచ్చే పాత డీజిల్ బండి తొమ్మిది వేల కిలోమీటర్లకు 750 లీటర్లు తాగుతుంది. లీటరు సుమారు 96 రూపాయలనుకుంటే 72 వేలు. లీటరుకు 20 ఇచ్చే పెట్రోల్ హైబ్రిడ్‌కు 450 లీటర్లు చాలు. లీటరు సుమారు 107 రూపాయలనుకుంటే 48 వేలు. మిగిలేది ఏడాదికి 24 వేలు. అదే కొత్త బండికి 15 లక్షల అప్పు 9 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు 31 వేల పైచిలుకు కిస్తీ. మొదటి ఏడాది వడ్డీయే లక్షా పాతిక వేలు. మైలేజీ కోసం బండి మార్చడమంటే పావలా కోడికి ముప్పావలా మసాలా.

వయసు విషయంలోనూ ఒక అపోహ ఉంది. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు పెట్టిన ఆంక్షలు దిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి చెందినవి. మన తెలుగు రాష్ట్రాల్లో సొంత బండికి పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. 600 రూపాయలున్న ఆ పొడిగింపు ఫీజును 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం 5,000 చేసింది.

మరి మార్చడానికి గట్టి కారణం ఏది? మా ఇంటికి సంబంధించినంత వరకు ప్రాణరక్షణే. 2009 నాటి మా బండిలో ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు. కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అదే ఏడాది జులైలో. పక్క సీటుకు కూడా అన్నది 2022 జనవరి నుంచి. లారీల మధ్య వంద వేగంతో సాగే నాలుగు వరసల రోడ్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఈ తేడాను తక్కువగా చూడలేం.

దారిని బట్టే ఇంధనం

పెద్ద బండంటే డీజిలే అన్న నమ్మకం మనలో పాతుకుపోయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఆ మాటను తిరగరాయాలి. ఇప్పటి డీజిల్ బండ్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. పొగలోని మసిని అది పట్టి ఉంచుతుంది. నిండాక ఆ మసిని సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చి బూడిద చేసుకుంటుంది. అంత వేడి పుట్టాలంటే బండి హైవే మీద పదిహేను, ఇరవై నిమిషాలు ఆగకుండా సాగాలి. రోజూ బడికీ బజారుకీ నాలుగేసి కిలోమీటర్లు తిరిగే బండికి ఆ అవకాశమే రాదు. మసి పేరుకుపోతుంది, మీటర్ మీద దీపం వెలుగుతుంది, బండి పికప్ తగ్గుతుంది, మసి కాల్చే పని మధ్యలో ఆగిపోవడం వల్ల డీజిల్ ఇంజనాయిల్లో కలుస్తుంది. చివరికి భారీ బిల్లు. కంపెనీ మంచిదే, బండీ మంచిదే, దారే తప్పు. వారానికి రెండు మూడుసార్లయినా వంద కిలోమీటర్లు తిరిగేవారికి, బరువులు లాగేవారికి డీజిల్ ఇప్పటికీ సాటిలేనిదే.

ఊళ్లో తిరుగుడే ఎక్కువైతే పెట్రోల్ లేదా స్ట్రాంగ్ హైబ్రిడ్ మేలు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు చార్జింగ్ పెట్టక్కర్లేదు. బ్రేక్ వేసినప్పుడు వృథా అయ్యే శక్తినీ, ఇంజను ఇచ్చే శక్తినీ బ్యాటరీలో దాచుకుని, సిగ్నళ్ల దగ్గరా నెమ్మది ట్రాఫిక్‌లోనూ మోటారుతో కదులుతుంది. మారుతీ గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ ఈ తరహావే. ఏడు సీట్లు కావాలంటే ఇన్నోవా హైక్రాస్ ఉంది. టయోటా తన హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. ఎలక్ట్రిక్ అయితే ఇంటి దగ్గర సొంత పార్కింగ్, ప్లగ్ ఉన్నవారికి రోజువారీ ఖర్చు బాగా తగ్గుతుంది. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు వాటికి రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ప్రకటించారు. తరచూ దూరాలు వెళ్లేవారు మాత్రం తమ దారిలో పనిచేస్తున్న చార్జింగ్ స్టేషన్లను ఒకసారి స్వయంగా చూసుకున్నాకే అడుగెయ్యాలి.

ఏడు సీట్లు ఎన్ని రోజులు?

ఈ ప్రశ్న దగ్గర ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. ‘‘ఇంటిల్లిపాదీ పట్టని బండి బండేనా?’’ అంది అమ్మ. గోడ మీది కేలండర్ తీసి లెక్కపెట్టాం. గడిచిన ఏడాదిలో ఏడు సీట్లూ నిండింది నాలుగుసార్లు: సంక్రాంతికి, భద్రాచలం కల్యాణానికి, రెండు పెళ్లిళ్లకు. మిగిలిన రోజులన్నీ మూడో వరస మడిచే ఉంది. ఆ నాలుగు రోజులకు అద్దె బండి మాట్లాడుకుంటే అయ్యే ఖర్చు, ఏడు సీట్ల మోడల్‌కు అదనంగా పోసే లక్షల మీద ఏడాదికి కట్టే వడ్డీ ముందు చాలా చిన్నది. మీ ఇంట్లో నెలనెలా ఏడుగురు ఎక్కుతుంటే లెక్క తలకిందులవుతుంది. అప్పుడు ఏడు సీట్లే కొనండి. కానీ మూడో వరసలో పెద్దవాళ్లను గంట సేపు కూర్చోబెట్టి చూశాకే కొనండి.

ఎత్తు సంగతి కూడా అంతే. స్కార్పియో, బొలెరో, ఇన్నోవా క్రిస్టా వంటి బండ్లు నిచ్చెన లాంటి ఫ్రేమ్ మీద కట్టినవి. మట్టిరోడ్లకు, బరువుకు గట్టివి. వాటి నేల ఎత్తుగా ఉంటుంది. మోనోకాక్ బండ్లలో బాడీయే ఫ్రేము. నేల కాస్త కిందికి ఉండి, కుదుపు తగ్గుతుంది. అన్నయ్య టెస్ట్ డ్రైవ్‌కి అమ్మను వెంట తీసుకెళ్లాడు. మొదటి రకం బండిలోకి ఆమె పిడి పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి అన్నయ్య భుజం మీద చెయ్యేసి ఎక్కింది. రెండోదాన్లో సీటు అంచు మీద కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంది. ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. అక్కడే సగం నిర్ణయం అయిపోయింది. ఆమె వాకర్‌ను మడిచి డిక్కీలో పెట్టి కూడా చూశారు. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీ డిక్కీ కిందే ఉంటుంది కాబట్టి చోటు తగ్గుతుంది. వాకర్ అడ్డంగా పట్టలేదు, ఏటవాలుగా పట్టింది.

బండి నమ్మకం, మనిషి నమ్మకం

ఒక బండి పదిహేనేళ్లు ఉంటుందా అన్నది ఇంజను ఒక్కటే తేల్చదు. దాన్ని అమ్మిన కంపెనీ ఉండాలి, విడిభాగం దొరకాలి, విప్పగల మనిషి దగ్గర్లో ఉండాలి. షెవర్లే బండ్లమ్మిన జనరల్ మోటార్స్ 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. షెవర్లే తవేరా, ఫోర్డ్ ఎండీవర్ ఎంతోమంది ఇష్టపడి కొన్నవే.

అందుకే రెండు పనులు చేయమంటాను. ఒకటి, నచ్చిన మోడల్ విడిభాగాల కౌంటర్‌కు వెళ్లి మూడింటి ధర అడగండి: ముందు హెడ్‌లైట్, పక్క అద్దం, క్లచ్ సెట్. స్టాకులో ఉన్నాయా, తెప్పించాలా అని కూడా అడగండి. ఇప్పటి ఎల్‌ఈడీ హెడ్‌లైట్ ఒక్కటే వేలల్లో ఉంటుంది. రెండు, మీ ఊరి మెకానిక్‌ను ‘‘ఏది కొనాలి’’ అని కాకుండా ‘‘నీ దగ్గరికి ఏ మోడల్ ఎక్కువగా వస్తోంది, దేనికి వస్తోంది’’ అని అడగండి. ఆయన చేతికంటిన మసి కంటే నిజమైన ప్రకటన లేదు.

కొత్తగా విడుదలైన మోడల్‌ను మొదటి ఏడాదిలో కొనకపోవడం మంచిది. తొలి బండ్లలో బయటపడిన లోపాలను కంపెనీ తర్వాతి వాటిలో సరిదిద్దుకుంటుంది. ఆటోమేటిక్ గేరు కావాలంటే ఏ రకమో అడగండి. డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్) రకం ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో వేడెక్కే అవకాశం ఎక్కువ. టార్క్ కన్వర్టర్ రకం అలాంటి చోట ఓర్పుగా పనిచేస్తుంది.

క్షేమం విషయంలో ఇప్పుడు మన దేశానికే సొంత పరీక్ష ఉంది. 2023 అక్టోబరు 1న మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో బండిని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా గుద్దించి, పక్క నుంచి కూడా ఢీకొట్టించి చూస్తారు. పెద్దలకు 32, పిల్లలకు 49 మార్కులు. రెండింటికీ నక్షత్రాలు వేరువేరుగా ఇస్తారు. పిల్లలున్నవారు రెండో అంకెను తప్పక చూడాలి. మీరు కొనే వేరియంట్‌లో ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, వెనక మధ్య సీటుకు మూడు కొసల బెల్టు ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. సన్‌రూఫ్ కోసం పైకెళ్లే డబ్బు వీటికి పెట్టండి.

ధర విషయంలో ఒక్క మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోల్ 1200 సీసీ లేదా డీజిల్ 1500 సీసీ దాటని కార్లకు 18 శాతం. అంతకు మించినవాటికి సెస్ లేకుండా 40 శాతం. ఎలక్ట్రిక్ బండ్లకు 5 శాతం. ఎక్స్‌షోరూమ్ ధర చూసి సంబరపడకుండా లైఫ్ ట్యాక్స్, బీమా కలిపిన ఆన్‌రోడ్ ధరతోనే పోల్చండి.

సెకండ్ హ్యాండ్ అయితే...

- సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపలి భాగంలో బురద చార ఉంటే ఆ బండి వరద నీళ్లలో నానింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచినప్పుడు ఎన్నో బండ్లు మునిగాయి.
- మీటర్‌లో 40 వేలు చూపించి, పెడల్ రబ్బర్లు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ అంకెను నమ్మకండి. సర్వీసు చరిత్ర అడగండి.
- టైరు అంచు మీది చివరి నాలుగు అంకెలు చూడండి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైనది.
- ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచారంటే ఏదో దాస్తున్నట్టు.
- ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ చేతికొచ్చాకే డబ్బివ్వండి.
- 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన పెట్రోల్ బండయితే ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు సరిపడుతుందో లేదో కంపెనీ పుస్తకంలో చూడండి.

గౌరవంగా సాగనంపండి

పాత బండిని అమ్మితే ఆర్సీ మార్పిడి అయ్యేదాకా మీ బాధ్యత తీరదు. ఫారం 29, 30 నింపి, పద్నాలుగు రోజుల్లో ఆర్‌టీఏకు తెలపాలి. పేరు మారకముందు ప్రమాదం జరిగితే రికార్డులో ఉన్న యజమానే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. క్లెయిములు లేని ఏళ్లకు బీమాలో వచ్చిన నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, యజమానిది. యాభై శాతం దాకా ఉండే ఆ తగ్గింపును కొత్త బండికి మార్చుకునే లేఖ అడిగి తీసుకోండి. ఫాస్టాగ్ రద్దు చేయించండి. తుక్కుకే ఇవ్వాలనుకుంటే ప్రభుత్వం గుర్తించిన కేంద్రానికే ఇచ్చి, డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి. దాన్ని చూపిస్తే కొత్త సొంత బండి ట్యాక్స్‌లో 25 శాతం దాకా రాయితీకి కేంద్ర నిబంధనల్లో వీలుంది. మీ రాష్ట్రంలో ఎంత ఇస్తున్నారో కొనే ముందు ఆర్‌టీఏలో కనుక్కోండి.

అన్నయ్య చివరికి అయిదు సీట్ల పెట్రోల్ స్ట్రాంగ్ హైబ్రిడ్ తీసుకున్నాడు. ఛాసిస్ తుప్పు పట్టిన బండిని వేరే కుటుంబానికి అంటగట్టడం ఇష్టం లేక పాతదాన్ని తుక్కు కేంద్రానికి ఇచ్చాడు. అది వెళ్లే రోజు అమ్మ బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. వదిన ఆ సాయంత్రమే కొత్త ఫైలు తెరిచింది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఇలా రాసింది: ‘కూలెంట్ మాత్రమే.’

మీ ఇంట్లోనూ బండి మార్చే మాట నడుస్తుంటే ఈ ఆదివారం షోరూమ్‌కు వెళ్లకండి. పాత బిల్లులు నేల మీద పరిచి, ఇంట్లో అందరినీ చుట్టూ కూర్చోబెట్టండి. ఎంత దూరం తిరుగుతున్నాం, ఎవరం ఎక్కుతున్నాం, ఏది ఎందుకు చెడింది... ఈ మూడూ కాగితం మీద రాసుకోండి. వచ్చే ఆదివారం ఆ కాగితం పట్టుకుని షోరూమ్‌కు వెళ్లండి, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను వెంటబెట్టుకుని.